టక్కున తెరుచుకునే ఫోను

శ్రోతలకు నమస్కారం.

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా చేసేవారు. ఎడమ చేతిలో చీటీల పుస్తకం, చెవిమీద పెన్ను, చొక్కా జేబులో పైపలక జరిపితే తెరుచుకునే చిన్న స్లైడర్ ఫోను. ఊరి నుంచి రైతు ఫోన్ చేస్తే కుడి బొటనవేలితో పైపలకను అలా నెట్టేవారు. టక్. మాట మొదలు. ధర చెప్పడం అయిపోయాక కిందికి లాగితే మళ్లీ టక్, ఫోన్ కట్. చూపు మాత్రం టిక్కీల మీదనుంచి, అంటే మిర్చి బస్తాల మీదనుంచి, కదిలేది కాదు.

ఆ ఫోను పనితనమంతా నాకు ఆ టక్కులోనే ఉందనిపిస్తుంది. లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. సగం దూరం మన వేలు నెట్టాలి. ఆ సగం దాటిందా, మిగతాది స్ప్రింగే లాక్కుపోతుంది. మూసేటప్పుడూ అంతే. తెరుచుకుందో లేదో కళ్లతో చూసుకోనక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది. 2005లో వచ్చిన నోకియా 8800లో అయితే పలక బాల్ బేరింగుల మీద జరిగేది.

మూసినప్పుడు జేబులో ఇమడాలి, తెరిస్తే చెవి నుంచి నోటిదాకా రావాలి. ఈ రెండూ కుదిరాయి కాబట్టే స్లైడర్ నిలబడింది. అదే ఏడాది వచ్చిన నోకియా 6111 పొడవు 84 మిల్లీమీటర్లే, కానీ మందం 23. మరుసటి ఏడు శాంసంగ్ డి900 ఆ మందాన్ని 13 లోపుకు దించింది. అయితే ఇలా సన్నబడ్డ ఫోన్లలో మీటలు చదునైపోయాయి. 1, 2, 3 నొక్కబోతే పైపలక అంచు బొటనవేలికి అడ్డం తగిలేది. అందం కోసం వేలికి చోటు తగ్గించడం నాకు మంచి బేరంగా తోచదు.

నాన్నగారి ఫోను రెండో వేసవికి మొరాయించింది. తెర తెల్లబోయింది. బ్రాడీపేటలో రిపేరు చేసే కుర్రాడు విప్పి చూపించాడు: పలక జరిగే పట్టాల సందుల్లో ఎర్రటి కారపు ధూళి. రెండు పలకల మధ్య ఉల్లిపొరలాంటి రిబ్బను, దాని మీద వెంట్రుకంత రాగి గీతలు. తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అది మడతపడి విచ్చుకోవాలి. వేలసార్లు అలా మడిగి ఒకచోట చిట్లింది.

కుర్రాడు బ్రష్షుతో కారం దులిపి, రిబ్బను మార్చి ఇచ్చాడు. నాన్నగారు తెర వైపు చూడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు తెరిచి మూశారు.

“ఆఁ, ఇప్పుడు కుదిరింది బాబూ” అని జేబులో వేసుకున్నారు.