మెట్టు పక్కన గడిచిన ఉద్యోగం

అందరికీ నమస్కారం.

మీ సార్ ఫోన్ చేసి, "వికలాంగుల కోసం బస్సుల్లో, రైళ్లలో చేసే ఏర్పాట్ల వల్ల మిగతా ప్రయాణికులకు ఏమన్నా లాభం ఉందా, మా సివిల్, మెకానికల్ పిల్లలకు చెప్పండి" అన్నారు. నేను ఇంజనీర్ని కాను. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. రిటైరయ్యాకే ఈ విషయం మీద కాస్త చదివాను. అందుకని నాకు బాగా తెలిసిన మెట్టు దగ్గర మొదలుపెడతాను.

సంత రోజు అనుకోండి. ఊరి బయట చెట్టు కింద బస్సు ఆగింది. ముందు ఒక ముసలమ్మ. గంప నెత్తి మీంచి దించి లోపలికి తోస్తుంది. ఎడంచేత్తో తలుపు దగ్గరి కమ్మీ పట్టుకుంటుంది. కుడికాలు మెట్టు మీద పెట్టి, కుడిచేత్తో మోకాలిని గట్టిగా నొక్కుకుంటూ లేస్తుంది. సగంలో ఒకసారి ఆగుతుంది. "నాయనా, చెయ్యందియ్యి" అంటుంది. నేను టికెట్ మిషన్ చంకలో ఇరికించుకుని లాగుతాను. ఆమె వెనకాల చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, బియ్యం మూటతో ఒకాయన, ఇంకో పదిమంది కాలేజీ పిల్లలు. డ్రైవర్ అద్దంలోంచి నన్నే చూస్తుంటాడు.

ఆ ముసలమ్మకు ఏ సర్టిఫికెట్టూ లేదు. ఏ లెక్కలోనూ ఆమె వికలాంగురాలు కాదు. మోకాళ్లు అరిగిపోయాయి, అంతే. ఇలాంటి స్టాపులో అర నిమిషం ఎక్కువ పడుతుంది. అలాంటి స్టాపులు ఇరవై ఉంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ పోయేది ముసలమ్మవి మాత్రమేనా? ఒక్క అంగలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడివి కూడా పోతున్నాయి. కాకపోతే అతను ముసలమ్మను తిట్టుకుంటాడు, మెట్టును తిట్టుకోడు. ఇన్నేళ్లలో మెట్టు మీద ఫిర్యాదు రాసిన ప్రయాణికుణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

మన ఇళ్లలో మెట్టు ఆరేడు అంగుళాలు ఉంటుంది. మామూలు బస్సుకు మొదటి మెట్టే అడుగు దాటుతుంది, దాని మీద మళ్లీ మెట్లు. లోపలి ఫ్లోరు నేలకు మూడడుగుల పైన ఉంటుంది. సిటీల్లో తిరిగే లో ఫ్లోర్ బస్సుకు ఫ్లోరు ఎత్తు 40 సెంటీమీటర్లు. లోపల మెట్లు ఎక్కే పని లేదు. అందరూ గబగబా ఎక్కుతారు, దిగుతారు.

అయితే ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. వీల్‌చెయిర్‌కు వాలు ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలని మీరు చదివే ఉంటారు. 40 సెంటీమీటర్ల ఎత్తుకు ఎంత పొడుగు ర్యాంపు కావాలి? 480 సెంటీమీటర్లు, అంటే దాదాపు పదహారు అడుగులు. బస్సు తలుపు దగ్గర మడత విప్పే పలక అంత ఎక్కడుంటుంది? అది మహా అయితే గజం. కాబట్టి బస్సు వచ్చి ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగితేనే అది పనికొస్తుంది. ఫుట్‌పాత్ 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే మిగిలేది 25. బస్సు ఆ పక్కకు కాస్త వంగే రకమైతే ఇంకా తగ్గుతుంది. మన స్టాపుల్లో జరిగేదేమిటి? స్టాపు ముందు ఆటోలు, తోపుడు బండి, మూత లేని కాలువ. బస్సు నడిరోడ్డు మీద ఆగుతుంది, జనం పరిగెత్తుకొస్తారు. మా తప్పూ ఉంది. ఖాళీ ఉన్నా సరే, మళ్లీ ట్రాఫిక్‌లో కలవడం కష్టమని నడిరోడ్డు మీదే ఆపించిన రోజులు నాకు గుర్తే. బస్సు కొంటే సరిపోదు, అది ఆగే చోటు కూడా కట్టాలి. అది మెకానికల్ వాళ్ల పని కాదు, సివిల్ వాళ్ల పని.

మెట్రో ప్లాట్‌ఫామ్ మీద పసుపు పచ్చ బుడిపెల టైల్స్ చూసే ఉంటారు. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన తయారుచేశాడు. 1967 మార్చిలో ఒకయామా నగరంలో, అంధుల బడి దగ్గర రోడ్డు మీద మొదటిసారి పరిచారు. పొడుగు గీతలుంటే నడవమని, గుండ్రటి బుడిపెలుంటే ఆగమని అర్థం. ఈ మధ్య మెట్రో ఎక్కినప్పుడు ఒక అబ్బాయిని చూశాను. ఫోన్‌లో మునిగిపోయి అంచు వైపు నడుస్తున్నాడు. చెప్పు కింద బుడిపెలు తగలగానే తల ఎత్తకుండానే ఆగాడు. ఆ టైల్ ఎవరి కోసం వేశారో అతనికి తెలిసి ఉండదు. స్టేషన్ పేరు మైకులో చెప్పడమూ అంతే. చూపు లేనివాళ్లకు అది అవసరం, చదువు రాని కూలీకి ధైర్యం, కిటికీ బయట చీకటి తప్ప ఏమీ కనపడని రాత్రి అందరికీ దిక్కు.

ఇక్కడిదాకా మీ సార్ కోరిన జవాబే చెప్పాను. ఇప్పుడు ఆయనకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఈ "అందరికీ లాభం" అనే వాదన మీద నాకు కొంచెం అనుమానం ఉంది. అందరికీ పనికొచ్చేదాన్ని అందరం వాడేసుకుంటాం. ఒక స్టేషన్‌లో లిఫ్టు కోసం నిలబడ్డాను. మా వెనకాల వీల్‌చెయిర్‌లో ఒక పాప, తోసే వాళ్ల నాన్న. తలుపు తెరుచుకోగానే ముందున్న వాళ్లం అందరం ఎక్కేశాం. తలుపు మూసుకుంటుంటే ఆ పాప నా మొహం వంకే చూసింది. పక్కనే ఎస్కలేటర్ ఉంది. నా కాళ్లు బాగానే ఉన్నాయి. పైకి వెళ్లాక నిలబడి చూశాను. వాళ్లు ఆ తర్వాతి ట్రిప్పులో కూడా రాలేదు. మూడోసారి వచ్చారు.

ఇంకో సంగతి. ఆ బుడిపెల మీద సూట్‌కేసు లాక్కెళ్తే చక్రాలు గడగడలాడతాయి. మిగతావాళ్లకు విసుగే. బ్రెయిల్ అక్షరాలతో నాకు నయాపైసా ఉపయోగం లేదు. అయినా అవి ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. టికెట్ కొనే హక్కు వాళ్లకు నా లాభం చూసి ఇచ్చింది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో రవాణా గురించి విడిగా ఒక సెక్షనే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు వికలాంగుల కోసం చేసే ఇలాంటి ఏర్పాట్లు సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి నిబంధనలు రాయమని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ముందు పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని కేంద్రమే.

నేను వచ్చేసరికి మీ కాలేజీ బస్సు గేటు దగ్గర ఆగి ఉంది. పాత అలవాటు, మొదటి మెట్టు కొలిచాను. పదహారున్నర అంగుళాలు వచ్చింది. నమ్మకపోతే టేపు నా సంచిలోనే ఉంది, వచ్చి తీసుకెళ్లండి.