తెల్లారగట్ల కోసిన బెండకాయ, మైనస్ 18లో బఠాణీ

భీమవరంలో ఒక చిన్న స్టూడియోలో సాయంత్రం పూట జరిగిన చర్చ ఇది. వ్యాఖ్యాత కాక నలుగురు కూర్చున్నారు: పోషకాహార నిపుణురాలు, రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ చూసే సూపర్‌వైజర్, సఖినేటిపల్లి వైపు గోదావరి లంకలో కూరగాయలు వేసే రైతు, పాలకొల్లులో కర్రీ పాయింట్ నడిపే ఆవిడ. మాటలు దాదాపు అలాగే ఉంచాను. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట మాత్రం ఎవరి గొంతు గట్టిగా వినపడితే వారిది రాశాను, అంతకంటే చేయగలిగింది లేదు.

వ్యాఖ్యాత: నమస్కారమండీ. మా ఇంటి గొడవతోనే మొదలుపెడతాను. మా ఆవిడ ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్ తెస్తుంది, మా అమ్మ దాన్ని చూసి "చద్ది సరుకు" అంటుంది, నేను మధ్యలో కూర్చుని పులావ్ తింటాను. ఇంతకీ తాజా కూరగాయల్లో బలం ఎక్కువా, గడ్డకట్టించిన వాటిలోనా?

రైతు: మీ అమ్మగారు చెప్పిందే రైటండీ. మొన్న కోసింది ఇవాళ తింటేనే రుచి తేడా తెలిసిపోద్ది, ఆరు నెలల కిందటి దాన్ని ప్యాకెట్లో పెట్టి తాజా అంటే ఎలా?

సూపర్‌వైజర్: తాజా అని ఎవరూ అనరు బాబాయ్, ఫ్రోజెన్ అనే రాస్తారు.

రైతు: బొమ్మ మాత్రం మంచు బిందువులతో నిగనిగలాడేదే వేస్తారు కదా!

నిపుణురాలు: రైతుగారూ, మీరు కోసిన పూట మీ బెండకాయకి తిరుగులేదు, అందులో నాకు అనుమానం లేదు. నేను అడిగేది ఒక్కటే. అది వంటింటికి ఎన్నో రోజుకి చేరుతుంది?

రైతు: తెల్లారగట్ల కోస్తాం. తడి గోనె కప్పి, పడవ దాటించి, ఆటోలో వేసి మార్కెట్‌కి తెస్తే కాటా పడేసరికి ఏడు. ఆ రోజే అమ్ముడైతే మధ్యాహ్నానికి కూర. మిగిలిపోయింది కొట్టువాడు మర్నాడు అమ్ముకుంటాడు. ఆ మర్నాడు కూడా అమ్ముతాడనుకోండి, అది నా చేతిలో లేదు.

కర్రీ పాయింట్ ఆవిడ: నేను కొనేది పదకొండు దాటాక అండీ, అప్పుడు ధర దిగుతుంది. పైన నీళ్లు చల్లి ఉంటారు కాబట్టి చూడ్డానికి బాగానే ఉంటాయి. విరిస్తే తెలుస్తుంది, టప్పుమని విరగదు, వంగుతుంది.

నిపుణురాలు: ఆ వంగే బెండకాయ దగ్గరే అసలు విషయం ఉంది. కోసినంత మాత్రాన కాయ ప్రాణం పోదు, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మొక్క నుంచి ఇక తిండి రాదు కాబట్టి తనలో దాచుకున్నదే ఖర్చు పెట్టుకుంటుంది. మన మే నెల ఎండలో ఆ ఖర్చు ఇంకా వేగంగా జరుగుతుంది. ముందు పోయేది సి విటమిన్, ఫోలేట్ అనే బి విటమిన్. పీచు, ఇనుము, కాల్షియం లాంటివి పెద్దగా కదలవు. అందుకే ఎవరైనా "బలమంతా పోయింది" అన్నా, "ఏమీ పోలేదు" అన్నా నేను ఒప్పుకోను. ఏది పోయిందో చెప్పమంటాను.

వ్యాఖ్యాత: ఎంత పోతుందో లెక్క ఉందా మేడమ్?

నిపుణురాలు: కాయని బట్టి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్లు 2007లో పాత పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి సమీక్ష రాశారు. అందులో పాలకూర 4 డిగ్రీల చలువలో వారం ఉంటే సి విటమిన్‌లో ముప్పాతిక వంతు పోయింది. చలువలో సుమండీ, బండి మీద కాదు. అదే వారంలో క్యారెట్‌కి పోయింది పదో వంతే. ఆకుకూరకి గంటలు లెక్క, దుంపకి రోజులు లెక్క.

సూపర్‌వైజర్: మా రొయ్య కూడా అంతే. చెరువులోంచి పట్టిన క్షణం నుంచి ఐసు, ఐసు, ఐసు. ప్లాంట్‌లో ఐక్యూఎఫ్ లైన్ అని ఉంటుంది, అంటే ఒక్కో పీసూ విడివిడిగా, చాలా వేగంగా గడ్డకడుతుంది. మైనస్ 40 ప్రాంతంలో గాలి కొడుతుంటే నిమిషాల్లో రాయి అయిపోతుంది. ఆ తర్వాత మైనస్ 18లో స్టోరేజీ. ఎందుకంత తొందరంటే, నెమ్మదిగా గడ్డకడితే లోపలి నీరు పెద్ద పెద్ద స్ఫటికాలై కండని పొడిచేస్తుంది, కరిగించాక నీళ్లు కారిపోయి గుడ్డ పీలికలా ఉంటుంది. వేగంగా కడితే స్ఫటికం చిన్నది, కణం బతుకుతుంది. మేం కూరగాయలు వేయం కానీ బఠాణీ, మొక్కజొన్న, బెండకాయ ముక్కలు చేసేది ఇదే పద్ధతిలో.

కర్రీ పాయింట్ ఆవిడ: మరి నేను ఒకసారి సీజన్‌లో వంకాయలు చవగ్గా వచ్చాయని ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెడితే తోలూ నీళ్లూ మిగిలాయి. నాలుగు కిలోలు! మా ఆయన వారం రోజులు దెప్పాడు.

సూపర్‌వైజర్: ఇంట్లో ఫ్రీజర్‌కి అంత సత్తా లేదక్కా. నాలుగు కిలోలు ఒకేసారి పెడితే గట్టిపడ్డానికి గంటలు పడుతుంది. పైగా వంకాయ నిండా నీరే.

వ్యాఖ్యాత: అయితే ఫ్యాక్టరీలో చేసిన దాంట్లో ఏమీ పోదన్నమాట.

నిపుణురాలు: అక్కడే ఆగండి, అదీ తప్పే. రొయ్యకీ బఠాణీకీ ఒక తేడా ఉంది. కూరగాయని గడ్డకట్టించే ముందు మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో ఒకటి రెండు నిమిషాలు ఉంచి వెంటనే చల్లార్చాలి. బ్లాంచింగ్ అంటారు. ఎందుకంటే కాయలోని ఎంజైములు మైనస్‌లో కూడా నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి, రంగూ వాసనా పాడు చేస్తాయి. ఆ వేడి నీళ్లలోకి కొంత సి విటమిన్, కొంత ఫోలేట్ దిగిపోతాయి. అంటే ఫ్రోజెన్‌కి నష్టం మొదట్లోనే ఒక్కసారిగా వస్తుంది, ఆ తర్వాత చాలావరకు నిలకడ. తాజాకి మొదట్లో ఏ నష్టమూ ఉండదు, తర్వాత రోజూ కొంచెం కొంచెం కారిపోతుంది. ఈ రెండు నష్టాలనీ రెండు గీతలుగా గీస్తే అవి ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఆకుకూరకి ఆ చోటు తొందరగా వస్తుంది.

రైతు: మా ఇంట్లో ఆ గీతలు కలవ్వండీ. పొద్దున కోసింది మధ్యాహ్నానికి పులుసులో ఉంటుంది. ఆయ్!

నిపుణురాలు: మీకు కలవవు. మీ లంకలోనే ఉండుంటే నేనూ ఫ్రోజెన్ ఊసు ఎత్తను.

వ్యాఖ్యాత: రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూశారా?

నిపుణురాలు: చూశారు. 2015లో అదే డేవిస్ నుంచి వచ్చింది. ఎనిమిది రకాలు తీసుకున్నారు: మొక్కజొన్న, క్యారెట్, బ్రకోలి, పాలకూర, బఠాణీ, బీన్స్, స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ. ఐదింటిలో సి విటమిన్ తేడా లేదు, మూడింటిలో ఫ్రోజెన్‌లోనే ఎక్కువ. కానీ బఠాణీ, క్యారెట్, పాలకూరలో బీటా కెరోటిన్, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది, ఫ్రోజెన్‌లో బాగా తగ్గింది, ఇది ప్యాకెట్లవాళ్లు చెప్పరు. 2017లో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో పని చేశారు, నాకు బాగా నచ్చింది. తాజా, ఫ్రోజెన్ కాకుండా "కొని ఐదు రోజులు ఫ్రిజ్‌లో పెట్టిన తాజా" అని మూడో రకం కూడా పెట్టారు. మనందరం తినేది అదే కదా! చాలా పోలికల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వచ్చిన చోట ఆ ఐదు రోజుల సరుకు కంటే ఫ్రోజెనే ఎక్కువసార్లు మెరుగ్గా ఉంది. ఒకటి గుర్తుంచుకోండి, ఇవన్నీ అమెరికా కాయలు, అమెరికా ఫ్రిజ్‌లు. మన దొండకాయకీ ఆనపకాయకీ ఈ అంకెలు అతికించకూడదు.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఫోన్ ఉంది. చెప్పండమ్మా.

ఫోన్‌లో: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుందండీ. అక్కడ దొండకాయ, మునక్కాడ, చేమదుంప అన్నీ ఐసు ప్యాకెట్లలోనే కొంటుంది. ఇక్కడ పెరట్లో మునగచెట్టు విరగకాసి ఉంది, అక్కడ పిల్లేమో రాయిలాంటి కాడలు సాంబారులో వేసుకుంటోంది. బెంగగా ఉంటుందండీ. ఆ పిల్లకి ఏమైనా ఒంటబడుతుందా?

నిపుణురాలు: పడుతుందమ్మా, బెంగపెట్టుకోకండి. కరిగించకుండా నేరుగా మరిగే సాంబారులో వేయమనండి, కరిగించి ఆ నీళ్లు పారబోస్తే అందులోకి దిగిన విటమిన్లూ పోతాయి. మునక్కాడ సంగతి సరే, ఆ చెట్టు ఆకు మీరు తింటున్నారా?

ఫోన్‌లో: ఆషాఢంలో తింటామండీ...

నిపుణురాలు: ఆషాఢం దాకా ఆగక్కర్లేదమ్మా. పెరట్లో ఉన్నదాని కంటే తాజా ఇంకేముంటుంది?

(ఫోన్ కట్ అయింది.)

కర్రీ పాయింట్ ఆవిడ: నాదొక డౌటండీ. మే నెలలో కూడా మా దగ్గర కొందరు విడి బఠాణీ తెచ్చి అమ్ముతారు, పచ్చగా నిగనిగలాడుతూ. ప్యాకెట్ కంటే చవక. అది తాజాయేనా?

నిపుణురాలు: బఠాణీ చలికాలపు పంట. ఎండాకాలంలో విడిగా కనిపిస్తే, ఎండు బఠాణీ నానబెట్టి రంగు వేసిందేమో అని అనుమానించాలి. గాజు గ్లాసు నీళ్లలో నాలుగు గింజలు వేసి అరగంట ఉంచండి, నీళ్లు ఆకుపచ్చగా మారితే రంగు కలిసినట్టే. ఫుడ్ సేఫ్టీ వాళ్లు చెప్పే పరీక్షే ఇది. అలాంటి తాజా కంటే ప్యాకెట్ నయం.

సూపర్‌వైజర్: ప్యాకెట్ కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడండి. గింజలు గలగలమని విడివిడిగా ఆడాలి. పెద్ద ముద్దయి, లోపల మంచు పేరుకుని ఉంటే ఎక్కడో కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. మన కరెంటు సంగతి మీకు తెలిసిందే. రాత్రి కొట్టు మూసేటప్పుడు ఫ్రీజర్ స్విచ్ కట్టేసే మహానుభావులూ ఉన్నారు.

కర్రీ పాయింట్ ఆవిడ: అమ్మో, మా వీధి చివర ఒకాయన అంతే!

వ్యాఖ్యాత: పేరొద్దమ్మా, పేరొద్దు. (నవ్వులు)

రైతు: నాకొకటి చెప్పాలనుందండీ. పోషకాల మాటొచ్చింది గానీ రేటు మాట రాలేదు. రెండేళ్ల కిందట ఒక కంపెనీవాళ్లొచ్చారు, బెండకాయ ఐసు చేసి విదేశాలకి పంపుతామన్నారు. లేతది కావాలి, వేలెడు కంటే పొడవుండకూడదు, పుచ్చు ఉండకూడదు అన్నారు. సరే అని రోజూ కోసి ఇచ్చాం. పది రోజులు బాగానే తీసుకున్నారు. పదకొండో రోజు రేటు సగం చేశారు. బెండకాయ ఆగదు కదండీ, ఒక్క రోజు కోయకపోతే ముదిరిపోద్ది. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అప్పట్నుంచి ఐసు అంటే నాకు మంట.

నిపుణురాలు: ఆ మంటలో న్యాయం ఉంది. దానికి నా పుస్తకంలో జవాబు లేదు.

సూపర్‌వైజర్: రొయ్యకి కూడా ఇదే బాబాయ్. కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది చెప్పి రేటు కోస్తారు.

వ్యాఖ్యాత: మళ్లీ వంటింట్లోకి వద్దాం. ఇంటికి చేరాక మనం ఏం పాడు చేస్తున్నాం?

నిపుణురాలు: చాలానే. ముందు ముక్కలు కోసి తర్వాత కడుగుతాం, కడిగి నీళ్లలోనే వదిలేస్తాం. తోటకూర ఉడకబెట్టి నీళ్లు వార్చేస్తాం. బెండకాయ, వంకాయ, దోసకాయ ఫ్రిజ్‌లో బాగా చల్లటి అరలో పెడతాం, ఆ కాయలకి అంత చలి పడదు, మచ్చలొచ్చి మెత్తబడిపోతాయి. తాజాదా ఫ్రోజెనా అని గంటసేపు వాదించుకుని ఆ ఉడికిన నీళ్లు సింకులో పోస్తే వాదన మొత్తం సింకులోకే పోతుంది. పప్పుకూర, పులుసు ఎందుకు మంచివంటే, దిగిన విటమిన్లు గిన్నెలోనే ఉంటాయి. ఇంకోటి, వంట సోడా. సోడా వేస్తే సి విటమిన్, బి1 తొందరగా చెడిపోతాయి.

(కర్రీ పాయింట్ ఆవిడ పైట సర్దుకుని పక్కకి చూశారు.)

వ్యాఖ్యాత: అక్కా, మీరు...

కర్రీ పాయింట్ ఆవిడ: చిటికెడే వేస్తానండీ! బీన్స్ కూర మధ్యాహ్నం ఒంటిగంటకి పచ్చగా లేకపోతే ఎవరూ కొనరు. రంగు తగ్గితే "నిన్నటిదా" అని అడుగుతారు. నేనేం చెయ్యను?

నిపుణురాలు: మూత తీసి తక్కువసేపు వండండి, రంగు చాలావరకు నిలుస్తుంది. రెండు విడతలుగా వండితే ఇంకా మంచిది.

కర్రీ పాయింట్ ఆవిడ: రెండు విడతలంటే ఇంకో గ్యాస్ సిలిండరు, ఇంకో మనిషి. చెప్పడం తేలికండీ.

(ఇది నిజం. దీనికి ఎవరూ ఏమీ అనలేకపోయారు.)

వ్యాఖ్యాత: మా అమ్మకి ఏం చెప్పమంటారు?

నిపుణురాలు: బఠాణీకి మీ ఆవిడ మాట, తోటకూరకి మీ అమ్మగారి మాట. బెండ, దొండ, బీర, ఆనప, వంకాయ, అరటి, కంద, ఆకుకూరలు ఈ గోదావరి గట్టు మీదే పండుతుంటే ప్యాకెట్ దేనికి? బీన్స్, బఠాణీ లాంటివి లారీలో ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, వాటికి ప్యాకెట్ తప్పు కాదు. కానీ ప్యాకెట్ అంటే బఠాణీ, మొక్కజొన్నే. ఆలూ టిక్కీ, నగ్గెట్లు అదే ఫ్రీజర్‌లో ఉంటాయి కదా అని కూరగాయల లెక్కలో వేసుకోకండి.

వ్యాఖ్యాత: ఆలూ టిక్కీ మా ఇంట్లో నాదే లెండి.

కర్రీ పాయింట్ ఆవిడ: పనసపొట్టు మాటేంటండీ? సీజన్‌లో కొట్టించి దాచుకోవచ్చా? పెళ్లిళ్ల ఆర్డర్లకి...

సూపర్‌వైజర్: చిన్న చిన్న ప్యాకెట్లు కట్టి పల్చగా పరిచి పెట్టండక్కా, తొందరగా గడ్డకడుతుంది. కిలో ముద్ద పెట్టకండి.

నిపుణురాలు: ముందు ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి, నీళ్లు పిండి పెట్టండి. పొట్టు నల్లబడదు.

రైతు: ఇంక నే లేస్తానండీ, నరసాపురం రేవులో పంటు దాటాలి. (కాళ్ల దగ్గరున్న సంచి బల్ల మీద పెట్టారు.) మేడమ్‌గారూ, ఇవి మీకు. పొద్దున అయిదింటికి కోసినవి.

నిపుణురాలు: ఇప్పుడు ఆరున్నర. పదమూడున్నర గంటలు.

రైతు: లెక్కెట్టకండి, ఈ రాత్రికే పులుసు పెట్టేయండి.

కర్రీ పాయింట్ ఆవిడ: సోడా వేయకుండా!