రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఒడ్డు చేరినవాడు: గెన్ హోషినో

నమస్తే అందరికీ! స్పై ఫ్యామిలీ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) చూసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు కదా. 2022లో వచ్చిన మొదటి ఎపిసోడ్ల చివర "కిగెకి" అని ఒక మెత్తని పాట వస్తుంది, గుర్తుందా? ఆ గొంతు జపాన్ గాయకుడు, నటుడు గెన్ హోషినోది. ఇవాళ వీడియో ఆయన గురించే.

1981లో పుట్టారు, ఊరు టోక్యో పక్కనే ఉన్న సైతామా. 2000లో సాకెరాక్ అనే బ్యాండ్ మొదలుపెట్టారు. అందులో దాదాపు అంతా వాయిద్యాలే, ఈయన గిటార్, మరింబా (చెక్క పలకల్ని పుల్లలతో కొట్టి వాయించేది) వాయించేవారు. మరోపక్క నాటకాల్లో వేషాలు. సొంత గొంతుతో పూర్తి ఆల్బమ్ 2010లో గానీ రాలేదు. అంటే పదేళ్లు!

అంతా కుదురుకుంటోంది అనుకునేసరికి 2012 డిసెంబర్‌లో ఒక రికార్డింగ్ అయిన వెంటనే మెదడులో రక్తస్రావంతో పడిపోయారు, కోలుకుని పనిలోకి వచ్చాక 2013లో మళ్లీ అదే జబ్బు, మళ్లీ ఆపరేషన్. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని పేరున్న పెద్ద కచేరీ హాలు బుడోకాన్ స్టేజీ ఎక్కారు. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇక 2016లో వచ్చిన జపాన్ టీవీ డ్రామా, నిగెహాజి. ఇంటిపనికి జీతం ఇచ్చేలా ఒక అమ్మాయిని ఒప్పంద పెళ్లి చేసుకునే హిరామసా అనే బిడియస్తుడైన ఇంజనీర్ పాత్ర ఈయనది. ఆరో ఎపిసోడ్ చివర ఇద్దరూ ట్రిప్ నుంచి రైల్లో తిరిగొస్తుంటారు. దిగాల్సిన స్టేషన్ వచ్చేస్తోంది, ఇంకాసేపు ఈ రైల్లోనే ఉంటే బాగుండని ఆ అమ్మాయి మనసులో అనుకుంటుంది, ఇంతలో హిరామసా ఒక్కసారిగా వంగి ముద్దు పెడతాడు. అరిచి చెప్పడాలు, కన్నీళ్లు ఏవీ ఉండవు. అంతసేపు బిగపట్టి సరిగ్గా ఆ క్షణంలో వదలడం ఉంది చూశారా, అది తాళం తెలిసినవాడి నటన అని నా గట్టి నమ్మకం. ఎపిసోడ్ చివర అందరూ డాన్స్ చేసే "కోయి" పాట కూడా ఆయనే రాసి, బాణీ కట్టి, పాడారు, ఆ స్టెప్పులు జపాన్ అంతా వేసింది. హీరోయిన్ యుయి అరగాకినే 2021లో పెళ్లి చేసుకున్నారు కూడా!

నాకు మాత్రం "కోయి" కన్నా 2018 నాటి పాప్ వైరస్ ఆల్బమే ఎక్కువ ఇష్టం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, కింద ఆ బేస్ ఎలా నడుస్తుందో చూడండి. డ్రామా మొదలుపెడితే ఆరో ఎపిసోడ్ దాకా ఆపకండి, ఆ రైలు సీన్ మీకెలా అనిపించిందో కామెంట్‌లో చెప్పండి, ప్రతిదీ చదువుతాను.