అమ్మ ఆపరేషన్‌కు వెళ్లలేకపోయిన కూతురు ఏమనుకోవాలి? | న్యూయార్క్ వ్లాగ్

నమస్కారం అండీ! ఈ రోజు మిమ్మల్ని టైమ్స్ స్క్వేర్‌కు తీసుకెళ్లడం లేదు. న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి, హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి, అక్కడ ‘Q’ అనే సబ్‌వే (భూగర్భ) రైలు పట్టుకుని లెక్సింగ్టన్ అవెన్యూ 63వ వీధి స్టేషన్‌కు వచ్చాను. ఇప్పుడు నేను నిలబడి ఉన్నది ఈస్ట్ 65వ వీధిలో, మాడిసన్, పార్క్ అవెన్యూల మధ్య. ఇదిగో, ఈ జంట ఇళ్లలో ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడిగా చేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కుటుంబం ఉండేది. చాలామంది ఇది చూడటానికే వస్తారు. నేను వచ్చింది మాత్రం పక్కనున్న 45వ నంబరు భవనం కోసం. అమ్మ ఆపరేషన్‌కు వెళ్లలేకపోయానన్న బాధలో నాకు దారి చూపిన పద్ధతి ఇక్కడిదే.

దశాబ్దాల పాటు ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మానసిక చికిత్సకుడి సంస్థ ఇక్కడే ఉండేది. ఆయన కాపురం కూడా పై అంతస్తులోనే. 1965 నుంచి ప్రతి శుక్రవారం రాత్రి ఇక్కడ జనం పోగయ్యేవారు. పెట్టుబడిదారులూ, నటులూ కాదండీ, మామూలు మనుషులు. ప్రేక్షకుల్లోంచి ఎవరో ఒకరు లేచి వేదికెక్కి తన బాధ చెప్పుకునేవారు. అందరి ముందే ఎల్లిస్ వారితో మాట్లాడి, ఆ బాధ వెనక ఏ ఆలోచన ఉందో బయటికి లాగేవాడు. ప్రవేశ రుసుము చాలాకాలం ఐదు డాలర్లే. తొంభై ఏళ్లు దాటాక కూడా ఆయన ఈ పని మానలేదు. మాట కరుకు, బూతులు కూడా దొర్లేవి. ఆ ధోరణి నచ్చక దూరమైనవారూ ఉన్నారు. నాకైతే ఆ ఐదు డాలర్ల టికెట్ అంటే ఎంతో గౌరవం. రోజువారీ బతుకులో మనసు పడే బాధకు మందు డబ్బున్నవాళ్లకే దొరకాలా?

ఎల్లిస్ 1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశాడు. ముందు మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మార్గంలోనే చికిత్స చేసేవాడు. చిన్ననాటి సంగతులు ఏళ్ల తరబడి తవ్వినా మనిషి మారడం లేదని విసిగి, 1955లో తన సొంత పద్ధతి మొదలుపెట్టాడు. దాని మూలం గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ దగ్గర ఉందని ఆయనే చెప్పేవాడు. బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ సుమారు 1900 ఏళ్ల కిందటే అన్న మాట ఇది: మనిషిని కలవరపెట్టేది జరిగిన సంగతి కాదు, దాని గురించి అతను ఏర్పరచుకున్న అభిప్రాయం.

ఎల్లిస్ దీన్నే ఏ, బీ, సీ అని మూడు అక్షరాల్లో పెట్టాడు. ఏ అంటే జరిగిన సంగతి. సీ అంటే మనకు కలిగిన బాధ, మనం చేసిన పని. ఈ రెండింటి మధ్య కనపడకుండా కూర్చున్నది బీ, అంటే మన నమ్మకం. మనం ఎప్పుడూ ఏ వల్లనే సీ వచ్చిందనుకుంటాం. మధ్యలో ఉన్నదాన్ని పట్టించుకోం.

ఇది మన ఇళ్లలో ఎలా ఉంటుందో చెబుతాను. మొన్న వేసవిలో తెనాలిలో మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ జరిగింది. నా వీసా స్టాంపింగ్ గడువు దాటిపోయింది. ఇండియా వెళితే మళ్లీ అపాయింట్‌మెంట్ దొరికి తిరిగి రావడం ఎప్పటికో తెలియదు. అందుకని వెళ్లలేదు. తమ్ముడూ మరదలూ దగ్గరుండి చూసుకున్నారు. అమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వీడియో కాల్‌లో నవ్వుతూ, "ఏమీ లేదే, చీమ కుట్టినట్టుంది అంతే" అంది. ఫోను పెట్టేశాక నాకు అన్నం సహించలేదు. ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిల్లల లెక్కల నోటుపుస్తకంలో వెనక పేజీలో రెండు గీతలు గీసి ఏ, బీ, సీలకు మూడు గడులు చేశాను.

మొదటి గడిలో రాయడం తేలికే: అమ్మకు ఆపరేషన్, నేను లేను. చివరి గడి కూడా అంతే: కడుపులో దేవినట్టు ఉంది, తమ్ముడితో మాట్లాడాలంటే మొహం చెల్లడం లేదు. నడిమి గడి దగ్గర కలం ఆగిపోయింది. చాలాసేపటికి రాసింది ఇది: "కూతురన్నాక ఇలాంటప్పుడు పక్కన ఉండి తీరాలి. లేను కాబట్టి నేనొక కూతురినే కాదు."

ఎల్లిస్ పద్ధతిలో తరవాతి మెట్టు ఈ వాక్యంతో వాదనకు దిగడం. అడగవలసిన ప్రశ్నలు మూడు. దీనికి రుజువు ఉందా? ఇందులో తర్కం ఉందా? ఇలా అనుకోవడం వల్ల ఎవరికైనా మేలు ఉందా? పక్కన ఉండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు, ఆ కోరిక నాకు ఎప్పటికీ ఉంటుంది. కానీ ఉండి తీరాలని శాసనం రాసింది ఎవరు? ఒక్క రోజు లేనంత మాత్రాన నలభై ఏళ్ల కూతురుతనం కొట్టుకుపోతుందా? నేనిలా కుమిలిపోతుంటే అమ్మ కంట్లో చుక్కలు ఎవరు వేస్తారు?

ఆ మూడో ప్రశ్న నన్ను కుర్చీలోంచి లేపింది. తమ్ముడికి ఫోను చేసి చుక్కల మందుల చీటీ ఫోటో పంపమన్నాను. వేసవిలో మనకూ వాళ్లకూ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం రెండు గంటల చుక్కలు ఇక్కడ తెల్లవారి నాలుగున్నరకు, రాత్రి ఎనిమిది గంటలవి ఇక్కడ ఉదయం పదిన్నరకు. పదిన్నర వేళ నాకు తీరిక ఉంటుంది కాబట్టి ఆ పూట గుర్తుచేసే పని నాది. అమ్మకు చుక్కల సంగతి గుర్తుచేసి, తలస్నానం అప్పుడే వద్దని పోట్లాడి, పక్కింటివాళ్ల కబుర్లు విని పెట్టేసేదాన్ని.

బాధ పోయిందా అంటే, పోలేదండీ. పోవాలని ఎల్లిస్ కూడా అనలేదు. ఈ పద్ధతిని చాలామంది "అంతా మంచికే" అనుకోమనే బోధగా పొరబడతారు. కానే కాదు. అమ్మ దగ్గర లేకపోవడం నిజంగానే విచారించవలసిన విషయం. విచారం ఆరోగ్యకరమైనదని, మనల్ని మనమే పనికిరానివాళ్లమని తీర్పు చెప్పుకోవడమే రోగమని ఆయన వాదన. పరాయి దేశంలో ఉన్న మనకు ఈ తేడా చాలా అవసరమని నా గట్టి నమ్మకం. మనలో ఎంతమంది పండక్కి వెళ్లలేదని, పెళ్లికి అందలేదని, ఆఖరి చూపు దక్కలేదని ఏళ్ల తరబడి తమను తాము దోషులుగా నిలబెట్టుకుంటున్నారో నాకు తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, ఆఫీసులో రంగును బట్టి చిన్నచూపు చూస్తుంటే, "నీ ఆలోచన మార్చుకో" అనడం అన్యాయం. అక్కడ మారవలసింది ఎదుటి మనిషి, కదలవలసింది చట్టం. నిద్ర, తిండి కరవై, బతకాలనే లేదనిపిస్తే నోటుపుస్తకంతో సరిపెట్టుకోకండి. అమెరికాలో 988కి, ఇండియాలో టెలీ మానస్ 14416కి ఫోను చేయండి. పగలైనా రాత్రయినా పలుకుతారు.

ఎల్లిస్ వాదనతో ఆగేవాడు కాదు, పనిలోకి దించేవాడు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆయనకు ఆడవాళ్లతో మాట్లాడాలంటే వణుకు. బ్రాంక్స్‌లోని బొటానికల్ గార్డెన్‌కు నెల రోజులు వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీనీ పలకరించాడట. ఆయన చెప్పుకున్న లెక్క ప్రకారం ముప్ఫై మంది లేచి వెళ్లిపోయారు, వంద మంది మాట్లాడారు. కలుస్తానన్నది ఒక్కరే, ఆమె కూడా రాలేదు. కానీ ఆ నెల తరవాత భయం మిగల్లేదు. తరవాతి రోజుల్లో తన దగ్గరికి వచ్చినవారిని సబ్‌వే రైల్లో రాబోయే స్టేషన్ల పేర్లు గట్టిగా అరవమనేవాడు. నలుగురూ వింతగా చూసినా ఏమీ కాదని ఒంటికి తెలియాలని.

మా ఎదురింట్లోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఖమ్మం అమ్మాయి ఉంది. నన్ను అక్కా అంటుంది. తన ఇంగ్లీషు విని నవ్వుతారని మందుల దుకాణానికి కూడా భర్త వచ్చేదాకా ఆగేది. ఈ సంగతంతా చెప్పి, అరవక్కర్లేదులే గానీ, కౌంటరు దగ్గర అర్థం కాకపోతే కావాలనే రెండుసార్లు మళ్లీ చెప్పమని అడగమన్నాను. పోయిన వారం ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి గుమ్మంలోనే చెప్పింది: "మూడుసార్లు అడిగానక్కా. మూడోసారి ఆవిడ చీటీ మీద రాసిచ్చింది. వెనక వరసలో ఒకాయన విసుక్కున్నాడు. విసుక్కోనీ, నా మందులు నేను తెచ్చుకున్నాను."