సామాను మనది, బండీ మనదే

శ్రోతలకు నమస్కారం.

బ్రిటన్‌లో కొత్తగా కాపురం పెట్టిన మన పిల్లలు సోఫాలు, బీరువాలు, భోజనాల బల్లలు ఈబే అనే వెబ్‌సైట్ వేలంలో పాడుకుంటూ ఉంటారు. పెద్ద సామాన్ల కింద అక్కడ తరచుగా ఒక షరతు కనిపిస్తుంది: మీరే వచ్చి తీసుకెళ్లాలి, పంపడం కుదరదు. అది చూసి చాలామంది తప్పుకుంటారు, పాట తక్కువలో తెగుతుంది. కార్న్‌వాల్‌లో మంచి బల్ల 40 పౌండ్లకే వచ్చిందనుకుందాం. బర్మింగ్‌హామ్‌కి చేర్చుకోవడమెలా?

బండి మనమే పంపుకోవచ్చు. 2008లో మొదలైన షిప్లీ లాంటి సైట్లలో ఫలానా చోటు నుంచి ఫలానా చోటికి బల్ల చేర్చాలని పెడితే, వ్యాన్ల వాళ్లు పోటీపడి రేటు తగ్గిస్తారు. సరుకు దింపి ఖాళీగా తిరిగొస్తున్న బండైతే ఇంకా చవక. మన లారీల వాళ్లు రిటర్న్ లోడ్ అంటారే, అదే.

అయితే పాట పాడకముందే అమ్మేవారిని అడగాలి. నా తరఫున మనిషి వస్తే ఇస్తారా? కొలతలెంత, బరువెంత? పార్సిల్ కొరియరైతే ప్యాకింగ్ చేసి, లేబుల్ ప్రింట్ తీసి అంటించేదెవరు? అమ్మే పెద్దావిడ ఇంట్లో ప్రింటర్ ఉండకపోవచ్చు. అసలు ప్యాకింగ్ గొడవ వద్దనే కదా ఆవిడ ఆ షరతు పెట్టింది! కొలతలు తప్పైతే పడే అదనపు చార్జీ మాత్రం బుక్ చేసినవారి నెత్తినే.

చిక్కంతా అమ్మేవారి గుమ్మం దగ్గర, సామాను చేతులు మారేచోట ఉంది. బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ చూడండి. వ్యాపారి పంపితే, సరుకు మన చేతికి అందేదాకా పూచీ అతనిదే. అతను సూచించని బండిని మనమే మాట్లాడుకుంటే, ఆ బండికి అప్పగించగానే పూచీ మనది. దారిలో కాలు విరిగితే అతన్ని అడగలేం. బల్ల కాలండోయ్! మన 1930 సరుకుల విక్రయ చట్టం ప్రకారం కూడా, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మినప్పుడు వస్తువు ఎక్కడుందో అక్కడే అప్పగింత. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలంలో తుక్కు పాడుకునేవారికిది అలవాటే: ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే.

ఈబేలో స్వయంగా తీసుకెళ్లే సామానుకి కొన్నవారికి ఆరంకెల కోడ్ వస్తుంది. అది చెబితే, వస్తువు ఇచ్చేశానని అమ్మినవారికి రుజువు దొరికినట్టు. ముందే మెసేజ్‌లో పంపేస్తే, బల్ల కదలకుండానే చేతులు మారినట్టు లెక్క. పంపకపోతే ఆవిడకు భయం: తీసుకెళ్లి, అందలేదని డబ్బు వెనక్కి అడిగితే? నాకు తోచిన దారి ఇది. డ్రైవర్ అక్కడికి చేరి ఫోన్ చేయాలి, బల్లని నాలుగు వైపులా ఫొటో తీసి పంపాలి, ఆ తర్వాతే మనం కోడ్ చెప్పాలి. డ్రైవర్‌కి కావలసింది సామాను వ్యానులో పట్టడం. పైన గీతలున్నాయో లేదో చూడడం అతని పని కాదు. ఆ గీత పాతదా, దారిలో పడిందా అన్నది రేపు తేల్చేది ఫొటోయే.

సరుకు బీమా ఉందా, ఎంతవరకు అని వ్యాన్ వాళ్లని బుక్ చేసేటప్పుడే అడగండి. గాజు, పింగాణీ పగిలితే చాలా పార్సిల్ కంపెనీలు పరిహారం ఇవ్వవు. అద్దాల బీరువా అయితే మాత్రం, వ్యాను అద్దెకి తీసుకుని, తోడుగా ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని మీరే వెళ్లి తెచ్చుకోవడం నయం.