పెరటితోట ఫోన్-ఇన్: పిలవకుండా వచ్చే తీగలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం పెరట్లో చెట్లూ గోడలూ ఎక్కి కూర్చునే తీగల గురించి మాట్లాడుకుందాం. సార్ స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ కావలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (కావలి): అలో... అలో... వినపడతా ఉందా?

వ్యాఖ్యాత: వినపడతా ఉందమ్మా. రేడియో సౌండు కాస్త తగ్గించండి.

శ్రోత: ఒరే, అది తగ్గించరా. ఆ... నమస్కారం సార్. మా దొడ్లో పెద్ద యాపచెట్టు ఉండాది. మా మామగారు పెట్టిన చెట్టు. కరోనా అప్పుడు, 2020లో, మా ఆడబిడ్డ తిప్పతీగ కాడ తెచ్చిచ్చింది. జానెడు కాడ సార్! కషాయం తాగితే మంచిదంటే గోడ పక్కన గుచ్చినా. నాలుగు రోజులు తాగినామో లేదో, చేదు, ఎవురూ ముట్టలా. అదేమో చెట్టంతా ఎక్కేసింది. మా ఆడబిడ్డ ఇప్పుడు నెల్లూరులో ఫ్లాటులో ఉండాది, ఆమెకేం...

నిపుణుడు: (నవ్వుతూ) ఆడబిడ్డ సంగతి తర్వాత. తీగని ఏం చేశారు?

శ్రోత: అదే చెప్తా ఉండా. సంక్రాంతి ముందు మావాడు మొదలుకాడికి నరికేసినాడు. నెల దాటింది. పైన ఒక్క ఆకు వాడలా! పైగా సేమియా మాదిరి దారాలు దిగతా ఉండాయి. దిష్టేమో అంటా ఉండారు.

నిపుణుడు: దిష్టీ కాదు ఏమీ కాదు. అవి ఊడలు తల్లీ. మర్రికి దిగినట్టే. తిప్పతీగ కాడలో నీళ్లు దాచుకుంటుంది. మొదలు నరికినా చాన్నాళ్లు పైనే బతుకుతా, దారం వదుల్తుంది. ఆ దారం నేలకి తగిలిందంటే అక్కడే పాతుకుంటుంది. మీరు తీసింది పాత మొదలు. అది కొత్త మొదలు వెతుక్కుంటా ఉంది.

శ్రోత: అంటే కింద నరికితే చాలదా?

నిపుణుడు: చాలదు. మొదలు చుట్టూ తవ్వి వేరుతో సహా తీసేయండి. తర్వాత చేతికందినంత ఎత్తులో తీగని ఇంకోసారి కోసి, మధ్య ముక్క బయటికి తెచ్చేయండి. వారానికోసారి చెట్టు కిందికెళ్లి దిగిన దారాల్ని కత్తెరతో కత్తిరించండి. అంతే పని. పచ్చిగా ఉన్నప్పుడు లాగొద్దు, యాపకొమ్మ విరిగి మీదపడుతుంది. ఎండినాక అదే వదులవుతుంది. మీకు అదను కూడా కుదిరింది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఇప్పుడు ఎండలు ముదరబోతా ఉండాయి. నేల పొడిగా ఉన్నప్పుడు దారానికి పట్టు దొరకదు. మళ్లీ వానలు పడేలోపు పని అయిపోవాల.

శ్రోత: కోసిన ముక్కలు...

నిపుణుడు: ఆ, అది ముఖ్యం. అందరూ వినండి. తెంపిన తీగని గోడవతల వెయ్యొద్దు! కాలవలో వెయ్యొద్దు, పెంటలో వెయ్యొద్దు. తిప్పతీగ కొమ్మకి వేలాడేసినా బతుకుతుంది. సిమెంటు గచ్చు మీద వేసి, విరిస్తే టక్కుమనేదాకా ఎండబెట్టండి.

శ్రోత: సరే సార్. అయితే కింద నరికేస్తే చచ్చిపోతాదంటారు.

నిపుణుడు: అమ్మా... ఇప్పుడే కదా చెప్పింది. మొదలు తవ్వాల, దారాలు కత్తిరించాల. రెండూ.

శ్రోత: రెండూ. మా ఎదురింటాయన గళ్లుప్పు పొయ్యమన్నాడు.

నిపుణుడు: పొయ్యొద్దు. తీగ చస్తుందో లేదో గానీ, అక్కడ మట్టి పాడైపోతుంది. పక్కన ఏమేం ఉన్నాయి?

శ్రోత: కరేపాకు, రెండు మల్లె పొదలు.

నిపుణుడు: ముందు అవి పోతాయి. ఉప్పు మాట మర్చిపోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. ఒంగోలు నుంచి ఫోన్.

శ్రోత (ఒంగోలు): సార్, మా డ్యురాంటా కంచె మీద పసుపుపచ్చ నూలు చిక్కుపడినట్టు పడి ఉంది. ఆకు లేదు. లాగితే తెగిపోతా ఉంది గానీ వేరు కనపళ్లా.

నిపుణుడు: కనపడదు. బంగారు తీగ అది. పెద్దవాళ్లు సీతమ్మ పోగునూలు అంటారు. మినుము వేసే రైతుని అడగండి, దాని దెబ్బ చెప్తాడు. మొలిచిన నాలుగు రోజులే దానికి నేలతో పని. ఏదో ఒక మొక్క దొరికితే చుట్టుకుని, కాడలోకి సూదుల్లాంటివి దించి రసం పీల్చుకుంటుంది, నేలలో ఉన్న వేరు ఎండిపోతుంది. మీరు నూలు లాగినా ఆ సూదులు కొమ్మలోనే ఉంటాయి. అందుకని నూలు లాగొద్దు. అది పట్టిన చోటికి జానెడు కింద కొమ్మే కోసెయ్యండి. పూత రాకముందే. విత్తనం రాలితే పదేళ్లయినా నేలలో బతికుంటుంది. కోసింది సంచిలో వేసి మూతి కట్టండి. గోడవతల...

శ్రోత: వెయ్యొద్దు. విన్నాను సార్.

వ్యాఖ్యాత: పొదలకూరు నుంచి. చెప్పండి.

శ్రోత (పొదలకూరు): ఇంటి ముందు రెండు నిమ్మచెట్లు. వాటి మీద ఏందో తీగ. తెంపితే పాలు కారుతాయి. కాయ మీద మెత్తని ముళ్లు, పగిలితే దూది ఎగురుతాది. గడ్డి మందు ఒక డబ్బా తెచ్చి కొడితే పోతాదా సార్? గ్లైఫోసేట్.

నిపుణుడు: నిమ్మచెట్టు మీద గడ్డి మందా? ఏది తీగో ఏది నిమ్మో మందుకి తెలుస్తుందా? పైగా 2022 అక్టోబరులోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, పురుగు నివారణ ఆపరేటర్ల ద్వారా తప్ప గ్లైఫోసేట్ వాడకూడదని. పిల్లలు తిరిగే చోట ఆ మందు జోలికి పోవద్దు. అది దుష్టపు తీగ. ఆ దూది విత్తనానికి రెక్క. కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోసెయ్యండి, వాన పడినాక మెత్తని నేలలో వేరు పీకండి. పాలు కంట్లో పడనీయొద్దు.

శ్రోత: కొంచెం పల్చగా కలిపి కొడితే...

నిపుణుడు: పల్చగా లేదు, చిక్కగా లేదు. వద్దు.

వ్యాఖ్యాత: సింగరాయకొండ నుంచి ఇంకో ఫోన్.

శ్రోత (సింగరాయకొండ): మేడం, గులాబీ రంగు గుత్తుల తీగ, నర్సరీలో కొన్నాం. మిద్దె ఎక్కేసింది, కోసేకొద్దీ...

నిపుణుడు: కోరల్ వైన్ అంటారు దాన్ని, మెక్సికో నుంచి వచ్చిన తీగ. అందంగా ఉంటుంది, అదే చిక్కు. కింద చిలగడదుంపల్లాంటి దుంపలు ఉంటాయి. అవి తియ్యకుండా పైన ఎన్నిసార్లు కోసినా చిగురేస్తుంది. ఒక్కసారి తవ్వితే అయిపోదు, చిగురు కనపడిన చోటల్లా... అలో?

వ్యాఖ్యాత: లైన్ కట్టయింది సార్. చివరి ఫోన్. మళ్లీ కావలి నుంచే అంటున్నారు.

శ్రోత (కావలి): నాయనా, నేనే, యాపచెట్టు.

నిపుణుడు: చెప్పు తల్లీ. ఎండబెట్టేది మిద్దె మీదైనా పర్వాలేదు.

శ్రోత: అది కాదు. సంక్రాంతి అప్పుడు కోసిన ముక్కలు గోడవతల ఖాళీ స్థలంలో ఏసినాం. ఇప్పుడు పోయి చూసొచ్చినా. కంపచెట్టు మీద పచ్చగా అల్లుకోనుండాది.

నిపుణుడు: చూశారా! ఎవరిదమ్మా ఆ స్థలం?

శ్రోత: మా ఆడబిడ్డదే.

నిపుణుడు: (నవ్వు) ఆమెకి మీరే ఫోన్ చేసి చెప్పండి. రేపే ఏరించండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. సార్‌కీ, ఫోన్ చేసినవాళ్లకీ ధన్యవాదాలు. వచ్చే వారం మల్లెలో మొగ్గ రాలడం గురించి.