చిలుక గిన్నెలో ఏం వేయాలి, ఎంత వేయాలి, మిగిలింది ఎందుకు చూడాలి

[దృశ్యం: పంజరంలో గింజల గిన్నె, బాగా దగ్గరగా. అంచుదాకా నిండి ఉంది.]

నమస్తే అండి. ఈ గిన్నె చూడండి. నిండుగానే ఉంది కదా, రేపు వేద్దాంలే అనిపిస్తుంది. ఒక్కసారి మెల్లగా ఊదుదాం.

[దృశ్యం: పొట్టు ఎగిరిపోతుంది. అడుగున నాలుగైదు గింజలు.]

అంతా పొట్టే. చిలుక జాతి పక్షి గింజను అట్లాగే మింగదు. ముక్కు అంచున పెట్టి, నాలుకతో తిప్పుతూ చీల్చి, లోపలి పప్పు తిని పొట్టును అక్కడే వదిలేస్తుంది. ఆ పొట్టు కింది గింజలను కప్పేస్తుంది. గిన్నె నిండుగా ఉందని ఇంట్లోవాళ్లు అనుకుంటుంటే పక్షి పస్తులుంటుంది. బడ్జీ (బడ్జెరిగార్ అనే చిన్న చిలుక) లాంటి పక్షి ఒకటి రెండు రోజుల పస్తుకే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అందుకే రోజూ పొద్దున పొట్టు ఊదేయాలి, పాత గింజ తీసేసి కొత్తది కొలిచి వేయాలి.

మనం వేసింది వేరు, పక్షి తిన్నది వేరు. ఈ వీడియోలో ముఖ్యంగా చూడాల్సింది ఆ తేడానే.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. పొలాల మీద, గుడి గోపురాల మీద కనిపించే మన రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దెబ్బ తగిలిన రామచిలుక దొరికితే అటవీశాఖవాళ్లకు అప్పజెప్పండి. ఇక్కడ చెప్పేదంతా బడ్జీలు, కాక్‌టెయిల్స్ (తలమీద కుచ్చు ఉండే చిలుకలు, అసలు పేరు కాకటీల్), ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ వంటి బయటి దేశాల జాతుల గురించి. కొన్యూర్లు, ఆఫ్రికన్ గ్రే వంటి పెద్ద చిలుకలు ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

[దృశ్యం: బల్లమీద చిన్న కుప్పలుగా కొర్రలు, సామలు, సజ్జలు, జొన్నలు, తైదలు (రాగులు), కుసుమలు. పక్కన విడిగా పొద్దుతిరుగుడు గింజలు.]

గింజలు. పాలమూరులో ఉన్నవాళ్లకు ఇవి వెతుక్కోవాల్సిన వస్తువులు కావు. ఒక కిలో మిశ్రమానికి మా కొలత ఇది: కొర్రలు 400 గ్రాములు, సామలు 200, సజ్జలు 150, జొన్నలు 100, తైదలు 100, కుసుమలు 50. బడ్జీలకైతే జొన్న తగ్గించి ఆ మేరకు కొర్రలు పెంచండి, వాటి ముక్కుకు జొన్న పెద్దది. కొర్రలు, సామలు పొట్టు తీయనివే కావాలి. అంగట్లో కొర్ర బియ్యం, సామ బియ్యం పేరుతో అమ్మేవి పొట్టు తీసినవి. అవి తొందరగా మక్కిపోతాయి, మొలకెత్తవు, పైగా గింజ చీల్చుకోవడమే పనిగా బతికే పక్షికి ఆ పని లేకుండా పోతుంది.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. విత్తనాల దుకాణంలో ఎర్రగానో గులాబీ రంగులోనో ఉండే సజ్జ, జొన్న, మక్క విత్తనాలు నాటడానికి మాత్రమే. ఆ రంగు కింద మందు ఉంటుంది, కడిగినా పోదు. ఇంట్లో పురుగు పట్టకుండా బోరిక్ పొడి కలిపి దాచిన ధాన్యం కూడా పక్షికి వద్దు. పక్షి గింజలను విడిగా గాలి చొరని డబ్బాలో పెట్టండి, నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

పొద్దుతిరుగుడు గింజను పక్కన ఎందుకు పెట్టామంటే, దాని పప్పులో దాదాపు సగం కొవ్వే. మిశ్రమంలో కలిపి వేస్తే పక్షి ముందు దాన్నే ఏరుకుంటుంది, కొర్రలు వదిలేస్తుంది. మీరు వేసింది ఏడు రకాలైనా అది తిన్నది ఒకటే. రోజంతా పంజరంలో ఉండే పక్షికి ఆ కొవ్వు కాలేయంలో చేరుతుంది. ముక్కు అతిగా పెరగడం, ఈకల మీద నల్లటి మచ్చలు, ఎగిరితే ఆయాసం కనిపిస్తే కాలేయాన్ని అనుమానించాలి. పొద్దుతిరుగుడు చేత్తో ఇవ్వండి, రోజుకు ఒకటి రెండు, బహుమానంలాగా.

పల్లీలు కూడా అంతే, ఇంకా జాగ్రత్త. వనపర్తి, గద్వాల, అచ్చంపేట వైపు పల్లీకి కొదవ లేదు, కాబట్టి ఇంట్లో ఉన్నవే పడేస్తుంటారు. పల్లికాయ తడిసి సరిగ్గా ఎండకపోతే లోపల పసుపుపచ్చ బూజు వస్తుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. పచ్చి పల్లికాయ పొట్టుతో ఎప్పుడూ ఇవ్వకండి. ఇవ్వాలనుకుంటే మనం తినే మంచి పప్పు, వేయించింది, ఉప్పు లేనిది, కాక్‌టెయిల్‌కు వారానికి ఒకటి.

ఎంత? 35 గ్రాముల బడ్జీకి రోజుకు 5 నుంచి 6 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను పైచిలుకు. 90 గ్రాముల కాక్‌టెయిల్‌కు 10 నుంచి 12 గ్రాములు. కొన్యూరు, గ్రే వంటి పెద్ద జాతులకు సగానికి పైగా రంగు వేయని పెల్లెట్లే (గుళికలుగా చేసి అమ్మే పక్షి దాణా) ఉండాలి, గింజలు చిన్న భాగం.

[దృశ్యం: కత్తిపీట పక్కన గెనుసుగడ్డ, క్యారెట్, గుమ్మడి ముక్క, మునగాకు రెబ్బ, పండుమిర్చి.]

గింజ ఎంత మంచిదైనా రెండు లోట్లు ఉంటాయి: విటమిన్ ఎ, కాల్షియం. కొర్రల్లో 100 గ్రాములకు కాల్షియం 30 మిల్లీగ్రాముల దరిదాపు, భాస్వరం దానికి ఎన్నో రెట్లు. భాస్వరం ఎక్కువైతే ఉన్న కాస్త కాల్షియం కూడా ఒంటికి పట్టదు. గుడ్డు పెట్టే ఆడపక్షికి ఇది ప్రాణాంతకం, గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. తైదల్లో 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది కాబట్టే వాటిని మిశ్రమంలో కలిపాం. వాటితోపాటు పంజరానికి ఒక కటిల్ బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి సున్నపు పెంకు) తగిలించండి. అది దొరక్కపోతే కోడిగుడ్డు పెంకును పది నిమిషాలు ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా దంచి వారానికి రెండుసార్లు చిటికెడు కూరగాయల మీద చల్లండి. ఈ కాల్షియం ఒంటికి పట్టాలంటే పొద్దుటి ఎండ 20 నిమిషాలైనా కావాలి. కిటికీ అద్దం వెనక కూర్చోబెడితే లాభం లేదు, కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. పంజరం సగం నీడలో ఉండేలా బయట పెట్టండి, పిల్లి కాకి రాకుండా పక్కన మనిషి ఉండాలి.

విటమిన్ ఎ తక్కువైతే నోటి లోపలి పొర మందమవుతుంది, అంగుట్లో తెల్లటి మచ్చలు వస్తాయి, ముక్కురంధ్రాలు మూసుకుపోతాయి, మాటిమాటికి తుమ్ముతుంది. జలుబనుకుని మందు వేస్తుంటారు. మందు అవసరమే కావొచ్చు, కానీ తిండి మారకపోతే అదే మళ్లీ వస్తుంది. నారింజ, ఎరుపు, ముదురు ఆకుపచ్చ రంగులున్న కూరగాయల్లో దీనికి కావాల్సింది ఉంటుంది: ఉడికించిన గెనుసుగడ్డ, తురిమిన క్యారెట్, గుమ్మడి, మునగాకు, మెంతికూర. పండుమిర్చి కూడా. చిలుకకు మనలాగా కారం మండదు, గింజలతో సహా ఇష్టంగా తింటుంది. పాలకూర, చుక్కకూర, గంగవాయిలి కూర మాత్రం వారానికోసారి కొద్దిగా చాలు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి.

[దృశ్యం: తడి మునగాకు రెబ్బను క్లిప్పుతో పంజరం పైకప్పుకు వేలాడదీస్తారు. బడ్జీ దానికి ఒళ్లు రుద్దుకుంటుంది, తర్వాత ఒక ఆకు కొరుకుతుంది.]

ఇదిగో, ఇట్లా. ఆకు కడిగి నీళ్లు విదిలించకుండా వేలాడదీస్తే బడ్జీ మొదట స్నానానికి వస్తుంది. ఒళ్లు తడుపుకుంటూ కొరుకుతుంది. కొరికాక రుచి తెలుస్తుంది. గిన్నెలో వేసిన ఆకు జోలికి వారాలపాటు పోని పక్షి కూడా ఇట్లా దారికొస్తుంది.

కూరగాయల ముక్కలు బడ్జీకి గింజంత సన్నగా, రోజుకు రెండు టీస్పూన్లు. కాక్‌టెయిల్‌కు శనగగింజంత ముక్కలు, ఒక టేబుల్‌స్పూను. పండు తక్కువ: జామ, బొప్పాయి, దానిమ్మ, నల్లగొండ బత్తాయి తొన. బొటనవేలి గోరంత ముక్క, వారానికి రెండు మూడుసార్లు. తీపి మరిగితే కూరగాయ ముట్టదు.

[దృశ్యం: గాజు సీసా మూతికి పలుచని బట్ట. లోపల పెసలు, కొర్రలు.]

మొలకలు చవకైనవి, గింజకు కూరగాయకు మధ్య మంచి వంతెన. పెసలు, బొబ్బెర్లు, సజ్జలు 8 గంటలు నానబెట్టండి. నీళ్లు వంపేసి సీసాను ఏటవాలుగా బోర్లించండి. 6 గంటలకోసారి కడగండి. తెల్లటి మొన కనిపించగానే ఆపేయాలి, అంటే ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రోజున్నర. వాసన చూడండి. పచ్చి వాసన అయితే సరే, పులిసినా జిగటగా తగిలినా మొత్తం పారేయాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి వద్దు. రాజ్మా, సోయా, అనుములు పచ్చివి మొలకెత్తించినా పెట్టకూడదు.

ఇప్పుడు అసలు కష్టం. ఏళ్లుగా గింజలు మాత్రమే తిన్న పక్షి క్యారెట్‌ను తిండిగా గుర్తించదు. దాన్ని పస్తు పెట్టి లొంగదీయకండి, ప్రాణం పోతుంది. మొదటి వారం మామూలు గింజలే వేస్తూ, తురిమిన క్యారెట్‌ను తడి గింజలతో కలిపి పొద్దున గంటసేపు పెట్టండి. పొద్దున లేవగానే ఆకలి ఎక్కువ, అప్పుడే కొత్తదాన్ని కొరుకుతుంది. గంట తర్వాత మామూలు గింజలు కొలిచి వేయండి. రెండో వారం మొలకలు కలపండి. కొరకడం మొదలయ్యాకే గింజల కొలత కొద్దికొద్దిగా దించండి. కొన్ని పక్షులకు రెండు వారాలు, కొన్నింటికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ రోజుల్లో పంజరం అడుగున కాగితం వేసి రెట్ట చూడండి. రెట్ట బాగా తగ్గి ముదురు ఆకుపచ్చగా వస్తుంటే తినడంలేదని అర్థం, వెంటనే పాత తిండికి మళ్లండి.

[దృశ్యం: వరుసగా ఆముదం గింజలు, సీతాఫలం గింజలు, గన్నేరు కొమ్మ. మీద ఎర్ర గీత.]

విషాలు. నల్లగొండ, పాలమూరు మెట్టపొలాల్లో ఆముదం ఉంటుంది కాబట్టి ముందు అదే చెప్పాలి. గింజ నమిలితే రిసిన్ అనే విషం బయటికి వస్తుంది, చిన్న పక్షికి ఒక్క గింజ చాలు. సీతాఫలం గుజ్జు కొద్దిగా ఇవ్వొచ్చు, గింజ ఒక్కటి కూడా పోకూడదు. జొన్న పాలకంకి ఇవ్వండి, చాలా మంచిది, కానీ లేత జొన్న ఆకు వద్దు. అందులో సైనైడ్ విషం ఉంటుంది, పశువులకు వద్దనేదీ అందుకే. గన్నేరు కొమ్మను కూర్చునే కర్రగా కూడా పెట్టొద్దు, జామ, వేప, చింత కొమ్మలు కడిగి ఎండబెట్టి వాడండి. అవకాడో, చాక్లెట్, చాయ్, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఉప్పు మిక్చర్, యాపిల్ గింజలు పూర్తిగా బంద్. పాలన్నం కూడా, పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పక్షికి లేదు. అన్నట్టు, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పీల్చిన పక్షి నిమిషాల్లో చనిపోతుంది, వంటింట్లో పంజరం వద్దు.

నీళ్లు మీరు తాగేవే పెట్టండి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, మనం వద్దన్న నీళ్లు పక్షికి పోయడమెందుకు? మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోయండి. విటమిన్ చుక్కలు నీళ్లలో కలపకండి. గంటల్లో చెడిపోతాయి, రుచి మారి పక్షి నీళ్లే మానేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో తరిగిన కూరగాయ, మొలక, ఉడికించిన గుడ్డు ఏదైనా గంటకు మించి పంజరంలో ఉంచకండి. అవి పొద్దున ఏడింటికి పెట్టి ఎనిమిదికల్లా తీసేయండి. గుడ్డు బడ్జీకి బఠాణీ గింజంత, వారానికోసారి. రోజూ పెడితే కాక్‌టెయిల్ ఆడపక్షులు వరసగా గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

[దృశ్యం: ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు మీద కాక్‌టెయిల్.]

చివరగా త్రాసు. ఈకలు ఉబ్బించుకున్న పక్షిని కంటితో చూసి బరువు చెప్పలేం. వారానికి రెండుసార్లు, తిండి మార్చేటప్పుడు మాత్రం రోజూ, పొద్దున రెట్ట వేశాక తిండికి ముందు తూచి గోడ క్యాలెండర్ మీద రాయండి. 90 గ్రాముల కాక్‌టెయిల్ 85కు వస్తే గింజల కొలత మళ్లీ పెంచాలి. 81కి వస్తే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. దగ్గర్లో పక్షులు చూసే డాక్టరు లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి వెళ్లండి. పోయేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితం, పంజరం అడుగున ఉన్న రెట్ట కాగితం రెండూ వెంట తీసుకెళ్లండి.